స్విచ్‌ని నమ్మని చీకటి బాబాయి

చీకటి బాబాయి స్విచ్‌ని నమ్మడు. ఫలానా స్విచ్ అని కాదు, ఏ స్విచ్‌నీ నమ్మడు. పాముని నమ్మొచ్చు, బుసకొట్టి చెబుతుంది. మబ్బుని నమ్మొచ్చు, ఉరిమి చెబుతుంది. గోడ మీద తెల్లగా, చల్లగా, ఏమీ ఎరగనట్టు కూర్చున్న స్విచ్ మాత్రం తన కడుపులో ఏముందో చచ్చినా చెప్పదంటాడు. "ఆపేశాను బాబాయ్" అని ఎవరైనా అంటే చాలు, "నువ్వు ఆపావు సరే, అది ఆగిందా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మొనగాడు ఆ వీధిలో ఇంతవరకూ పుట్టలేదు.

ఇలాంటి మనిషి బతుకుతెరువుకి ఏ పని చేశాడనుకున్నారు? స్విచ్‌లు అమ్మాడు. పెద్ద బజారు మలుపులో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు.

"ఇది మంచిదేనా బాబాయ్?"

"రత్నం లాంటిది."

"అయితే కట్టెయ్యి."

"కడతాను. కానీ దాన్ని నమ్మకు."

కొనడానికి వచ్చినవాడు కాసేపు స్విచ్ వంకా, కాసేపు బాబాయి వంకా చూసి, చేతిలోది బల్ల మీద పెట్టి, ఏదో గుర్తొచ్చినవాడిలా వెళ్ళిపోయేవాడు. కొట్టు ఎందుకు మూతపడిందో వేరే చెప్పనక్కర్లేదు. మూసిన రోజున కూడా మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి, అలవాటుగా జేబులో వేసుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ గదిలో కొత్తగా దిగిన చెప్పుల వ్యాపారి పాపం కొవ్వొత్తి వెలుగులో ఎడమకాలి జోళ్ళు రెండేసి అమ్ముకుంటూ, చివరికి ఎవరో చెబితే ఫ్యూజు కోసం బాబాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

ఆయన ఒక స్విచ్ విప్పాలంటే అదో పెద్ద తతంగం. ముందు టెస్టర్‌ని కరెంటున్న చోట పెట్టి అది వెలుగుతోందా చూస్తాడు. ఎందుకంటే టెస్టర్‌నీ నమ్మడు. తర్వాత మెయిన్ ఆపుతాడు, ఫ్యూజు పీకి జేబులో వేస్తాడు, మెయిన్ మీద 'ముట్టుకున్నవాడు నా శత్రువు' అని కాగితం అంటిస్తాడు. స్విచ్ దగ్గర టెస్టర్ పెడితే వెలగదు. మామూలు మనుషులు అక్కడితో పని మొదలుపెడతారు. బాబాయికి అక్కడే అసలు అనుమానం మొదలవుతుంది. వెలగనిది కరెంటు పోయినందుకా, ఈ మధ్యలో టెస్టర్ చచ్చిపోయినందుకా? తేల్చుకోవాలంటే మళ్ళీ కరెంటున్న చోటు కావాలి. ఇల్లంతా ఆయనే చీకటి చేశాడు కదా, అందుకని పక్కింటికి వెళతాడు. "మీ ఇంట్లో కరెంటు బతికుందాండీ?" అని గుమ్మంలో నిలబడి, చావు కబురు అడిగినంత మెల్లగా అడుగుతాడు. వాళ్ళ ప్లగ్గులో టెస్టర్ పెట్టి, అది వెలిగాక తృప్తిగా తలూపి వెనక్కి వస్తాడు. అప్పుడు చేతులు తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని, చెక్క స్టూలెక్కి, మొదటి స్క్రూ తిప్పుతాడు. ఆయన అడుగుపెట్టిన ఇంట్లో దీపం వెలగదు. చీకటి బాబాయి అన్న పేరు అలా వచ్చింది.

పేరు ఆయనది, బాధ కూతురిది. చిన్నప్పుడు ఆమె పాఠాలు చదివిందంతా గుడ్డివెలుగులోనే. పెళ్ళిలో వేదిక మీది దీపం కొంచెం గుయ్యిమందని తండ్రి హాలు మొత్తానికీ మెయిన్ ఆపేశాడు. ఆ పెళ్ళి ఫొటోల్లో ఇప్పటికీ ఎవరు పెళ్ళికూతురో, ఏది కుర్చీయో తెలియదు. "మీ నాన్నగారు చాలా జాగ్రత్త మనిషి" అని ఎవరైనా అంటే, ఉరిశిక్ష పడ్డ ఖైదీని "మీకు తాడు చక్కగా నప్పింది" అని మెచ్చుకున్నట్టుండేది ఆమెకి.

ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటి పోటు. ఇంట్లో అత్తగారి సంగతి ఒక కొలిక్కి వచ్చి, మర్నాడు ప్రయాణం పెట్టుకున్న వేళ తండ్రి వస్తానన్నాడు.

అత్తగారికి మతి తప్పుతోందని డాక్టరు తేల్చాడు. కొన్నాళ్ళుగా ఆవిడ తన గదిలో పడుకోవడం మానేసింది. ముందుగదిలో కుర్చీలో కూర్చుని తెల్లవారుస్తోంది. గది దులపబోతే "ముట్టుకోకు!" అని కోడలి మీద విరుచుకుపడుతోంది. కారణం అడిగితే ఒకటే మాట: "ఆ దీపం ఆపినా చావదు. నన్ను చూస్తూ ఉంటుంది. తుడవబోతే కరిచింది." కొడుకు బస్సు డిపోలో వేళలు చూసే ఉద్యోగి, కోడలు మందుల షాపులో. పగలంతా ఆవిడ ఒంటరి. మతి తప్పినవాళ్ళని కనిపెట్టి చూసుకునే ఆశ్రమం ఒకటి ఊరి చివర ఉందని డాక్టరే చెప్పాడు. అక్కడ ఒక మంచం ఖాళీ అయింది. పెట్టె సర్దడం కూడా అయింది. కోడలు చీరలు మడతపెడుతూ ఏడ్చింది. అత్తగారు మాత్రం ఏడవలేదు. ఆ ఏడవకపోవడం కోడలి గుండెల్లో చలికాలపు రాయిలా పడి ఉంది.

"నాన్నా, రా. కానీ టెస్టర్ తీసుకురాకు" అని ఫోన్లో బతిమాలింది.

"టెస్టర్ లేకుండా ఎలా వస్తానే తల్లీ! కళ్ళజోడు లేకుండా రమ్మన్నట్టుంది."

వచ్చాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్. కూతురు టీ ఇచ్చింది. ఎదురుగా కుర్చీలో అత్తగారు, పక్కన పెట్టె.

"ఏం చెల్లెమ్మా, ప్రయాణమట?"

"ప్రయాణం కాదన్నయ్యగారూ, పంపకం" అంది అత్తగారు. "నా గదిలో దీపం ఆపినా చావడం లేదు. అది చెప్పినందుకు."

తండ్రి టీ కప్పు కింద పెట్టాడు. తాగకుండా కింద పెట్టిన ఆ కప్పుని చూడగానే కూతురి పైప్రాణాలు పైనే పోయాయి.

"నాన్నా, వద్దు."

"నేనేమన్నానే?"

"ఏమీ అనలేదు. అదే భయం."

"ఒక్క మాట అడగనీ." అత్తగారి వైపు తిరిగాడు. "పూర్తిగా వెలిగి ఉంటుందా చెల్లెమ్మా, మినుకుమినుకుమంటుందా?"

"మినుకుమనదు. కన్ను అరమూసినట్టు ఉంటుంది."

"ఇతర దీపాలన్నీ ఆరిపోయాకేనా, ముందుగదిలో లైటున్నప్పుడు కూడానా?"

అత్తగారు ఆగి ఆలోచించింది. ఇన్నాళ్ళలో రెండో ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. డాక్టరు కూడా మొదటి ప్రశ్న దగ్గరే ఆగి మందు రాశాడు.

"అన్నీ ఆరాకే. మావాడు చూడ్డానికొస్తే పగలే వస్తాడు, లేదంటే ముందుగదిలో లైటు వేసుకుని వస్తాడు. వెలుగులో అది బుద్ధిగా కళ్ళు మూసుకుంటుంది."

"కరిచింది ఎప్పుడు?"

"దుమ్ము పట్టిందని తుడిచాను. స్విచ్ ఆపే తుడిచాను సుమండీ."

"పొడిగుడ్డా, తడిగుడ్డా?"

"తడిదే."

తండ్రి గుండె పట్టుకున్నాడు. "చెల్లెమ్మా, జన్మలో ఇంకెప్పుడూ దీపానికి తడిగుడ్డ పెట్టకు. నువ్వు చెబుతుంటే వినడానికే ఒళ్ళు జలదరిస్తోంది. ఏ వేలు?"

"ఇదిగో, చూపుడువేలు. మోచేతి దాకా గుంజింది."

"చూశావా!" అన్నాడు కూతురితో, ఆ వేలు తనే కనిపెట్టినంత గర్వంగా.

కూతురికి ఏడుపొచ్చింది. వెర్రి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వ్యవహారం. ఒకరికి మతిపోయిందని డాక్టరు రాసిచ్చాడు, రెండోవారికి రాసివ్వలేదు, అంతే తేడా. ఇంత కష్టం మీద కుదిరిన ఏర్పాటు. రేపు ఆవిడ పెట్టెతో గుమ్మం దిగే దృశ్యాన్ని తలచుకుని తలచుకుని, ఎలాగో ఓర్చుకోగలనన్న స్థితికి వచ్చింది తను. ఇప్పుడీయన కాస్త ఆశ పెట్టి, మెయిన్ ఆపేసి, చివరికి ఏమీ లేదని తేలిస్తే, ఆ ఓర్పు మళ్ళీ మొదటినుంచీ కూడగట్టుకోవాలి.

భర్త అప్పుడే వచ్చాడు. సంగతి విని నీరసంగా కూలబడ్డాడు.

"మామయ్యగారూ, నేను చూడకుండా ఉంటానా? వేస్తే వెలుగుతోంది, ఆపితే ఆరుతోంది. ఇంకేం కావాలి స్విచ్చికి?"

"ఎప్పుడు చూశావు బాబూ?"

"ఎప్పుడైతేనేం? ఓసారి సాయంత్రం. మొన్న మధ్యాహ్నం కూడా."

"మధ్యాహ్నం ఆకాశంలో చుక్కలు చూశావా?"

"చుక్కలేమిటండీ, మధ్యాహ్నం?"

"ఏం లేదు. అవి కూడా లేవనుకుంటున్నావేమోనని."

అత్తగారు ఫక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలా రోజులైంది. కొడుకు ఉలిక్కిపడి తల్లి వంక చూశాడు.

"చీకటి కావాలి" అన్నాడు చీకటి బాబాయి.

పట్టపగలు. కిటికీల నిండా ఎండ. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వచ్చాయి. చాలలేదు. బాబాయి చూపు పెట్టె మీద పడింది. "అందులో ఏమున్నాయి?"

"అమ్మ చీరలు" అన్నాడు అల్లుడు.

"తియ్యి."

"సర్దినవండీ అవి!"

"మడత నలిగితే మళ్ళీ పెట్టుకోవచ్చు. తియ్యి బాబూ."

ఆశ్రమానికి సర్దిన చీరలు ఒక్కొక్కటే విడివడి కిటికీలకి ఎక్కాయి. ఎండ వాటిలోంచి వడకట్టుకుని మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, తర్వాత మట్టిరంగులో గదిలోకి వచ్చి, ఆఖరి చీర పడగానే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. తలుపు సందులో అల్లుడి కోటు కుక్కారు. ఇదంతా ఏమిటో చూద్దామని పక్కింటి దర్జీ మెడలో టేపుతో సహా వచ్చి చేరాడు.

"బాబాయిగారూ, ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు. కూర్చో."

అందరూ నేల మీద కూర్చున్నారు. మంచం పక్క గోడకి ఆ దీపం. బాబాయి స్విచ్ వేశాడు. వెలిగింది. ఆపాడు. ఆరింది.

"ఆరింది కదండీ" అన్నాడు అల్లుడు చీకట్లోంచి.

"నువ్వు మాట్లాడకు. నీ కళ్ళింకా ఎండలోనే ఉన్నాయి. వాటిని ఇంటికి రానీ."

చీకటి అందరి భుజాల మీదా తడిబట్టలా బరువుగా వాలింది. కూతురికి తన బాల్యమంతా మళ్ళీ ఒళ్ళో కూర్చున్నట్టుంది. ఏమీ కనిపించదు, లేచి దుప్పట్లు మడత పెట్టుకోవాలి, చీరలు మళ్ళీ సర్దాలి. ఈసారి అత్తగారు తప్పకుండా ఏడుస్తుంది. తను ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియక కళ్ళు మూసుకుంది. తెరిచింది.

గోడ మీద ఏదో ఉంది.

వెలుగు అనడానికి వీల్లేదు. ఎవరో చీకట్లో పాలచుక్క వేలితో రాసి, సగం తుడిచినట్టుంది. దీపంలో అది కదలకుండా, ఆరకుండా, గదిలో ఉన్నవాళ్ళందరినీ తీరుబడిగా చూస్తోంది.

అత్తగారు మెల్లగా, ఇరుగమ్మకి చుట్టాన్ని చూపించినట్టు అంది: "అదే."

కోడలు చీకట్లో తడుముకుని ఆవిడ చేయి పట్టుకుంది. ఈ కంటి ముందు ఒంటరిగా ఎన్నిసార్లు కూర్చుందో ఈవిడ! పొద్దున్నే వచ్చి చెబితే తామంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"వేడి మిగిలి ఉంటుందేమో" అన్నాడు అల్లుడు. గొంతులో నమ్మకం లేదు.

"ఉండు." బాబాయి లేచాడు. ఇక తతంగం మొదలైంది. మెయిన్ ఆగింది, ఫ్యూజు జేబులోకి వెళ్ళింది, కాగితం అంటుకుంది. టెస్టర్ దీపం దగ్గరా, స్విచ్ దగ్గరా వెలగలేదు. బాబాయి దర్జీ వంక చూశాడు.

"మా ఇంట్లో బతికే ఉంది, దయచెయ్యండి" అన్నాడు దర్జీ, దోవ చూపిస్తూ. ఇద్దరూ వెళ్ళి, కుట్టుమిషను ప్లగ్గులో టెస్టర్‌కి ప్రాణం ఉందని తేల్చుకుని వచ్చారు.

బాబాయి దీపం ఊడదీసి పక్కన పెట్టాడు. అందర్నీ దూరంగా జరగమని, ఫ్యూజు పెట్టి మెయిన్ వేశాడు. స్విచ్ మాత్రం ఆపే ఉంది. ఒక చేయి వెనక్కి పెట్టుకుని, స్టూలెక్కి, ఖాళీ హోల్డరులో టెస్టర్ మొన పెట్టాడు.

టెస్టర్ గుండెలో ఎర్రటి చుక్క వెలిగింది.

"స్విచ్ ఆపాం. అది ఆగిందా?" అన్నాడు.

జీవితంలో మొట్టమొదటిసారి కూతురు ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది. "ఆగలేదు నాన్నా."

మళ్ళీ మెయిన్ ఆగింది. ఫ్యూజు మళ్ళీ జేబులోకి. "మా గుమ్మం తెరిచే ఉంచాను" అన్నాడు దర్జీ. వెళ్ళి, వచ్చి, స్విచ్ విప్పాడు. అందర్నీ దగ్గరికి పిలిచి టార్చి వేశాడు.

"కరెంటు వచ్చే తీగ ఒకటి, తిరిగి వెళ్ళే తీగ ఒకటి. స్విచ్ అనే కాపలావాడు వచ్చే దారిలో కూర్చోవాలి. వీడు వెళ్ళే దారిలో కూర్చున్నాడు. పెరటి తలుపుకి తాళం వేసి, వీధి తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు. దీపం ఆరినట్టే కనిపిస్తుంది, కరెంటు మాత్రం దీపం గూట్లో కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంటుంది. అందుకే ఆ గుడ్డివెలుగు. అందుకే ఆ కాటు. చెల్లెమ్మ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం పొల్లు లేదు."

అల్లుడి మొహంలో రంగు లేదు. కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. అత్తగారు చీకట్లో లేచి తడుముకోనక్కర్లేకుండా, ఆ దీపాన్ని గది మధ్యనుంచి మంచం పక్కకి మార్చింది భర్తే. ఎవరినీ పిలవకుండా, ఒక సెలవు రోజంతా కూర్చుని, తనే మార్చాడు. అయ్యాక తల్లిని మంచం మీద పడుకోబెట్టి, "చెయ్యి చాపు, స్విచ్ అందిందా?" అని అడిగాడు.

బాబాయి టార్చి వెలుగులో అతుకుల్ని చూశాడు. అల్లుణ్ణి చూశాడు. మళ్ళీ అతుకుల్ని చూశాడు.

"ఎవరు చేశారో గానీ అతుకు మాత్రం ముచ్చటగా వేశారు. ఏం లాభం, ఈ ఎర్ర తీగ రంగు వెలిసిపోయింది. ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. నేనైనా పొరబడేవాణ్ణే."

కూతురు వంగి చూసింది. ఎర్ర తీగ నిన్న కొన్నట్టు నిగనిగలాడుతోంది. తండ్రి టార్చి ఆపేశాడు.

"అమ్మా, అది కట్టింది..." అన్నాడు అల్లుడు.

"నువ్వే. నాకు తెలియదురా?" అంది అత్తగారు. "నిన్ను కరవలేదు కదా? అది చాలు. మళ్ళీ నువ్వో, ఈ పిల్లో దాన్ని ముట్టుకుంటారేమోనని హడలి చచ్చాను. అరిస్తే పిచ్చిదాన్నన్నారు. అంటే అన్నారు."

అల్లుడు తల్లి పక్కన నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. దర్జీకి ఏం చెయ్యాలో తోచక కిటికీకి వేలాడుతున్న చీరని టేపుతో కొలిచాడు.

తీగలు ఉండాల్సిన చోటికి మారాయి. దీపం మళ్ళీ గూట్లోకి ఎక్కింది. వేశారు, ఆపారు, అందరూ చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. గోడ గోడలా ఉంది. చీకటి వట్టి చీకటి.

"పోయింది" అంది అత్తగారు. అప్పుడు ఏడ్చింది.

తర్వాత వంటింట్లో, చల్లారిన టీ మళ్ళీ వేడిచేస్తూ కూతురు అడిగింది: "నాన్నా, డాక్టరు నమ్మలేదు, కన్నకొడుకు నమ్మలేదు, నేనూ నమ్మలేదు. నువ్వు కూర్చున్న చోటినుంచి లేవకుండానే ఎలా నమ్మావు?"

"ఇందులో పెద్ద విశేషమేముందే! ఇద్దరు రెండు మాటలు చెబుతున్నారు. ఆగిపోయానని స్విచ్ అంటోంది. ఆగలేదని మనిషి అంటోంది." బాబాయి కప్పు అందుకున్నాడు. "ఇద్దరిలో ఎవరో ఒకర్ని అనుమానించాలి కదా. మనిషిని ఎలా అనుమానిస్తాను చెప్పు?"

కూతురు ఆయన వంక చూసింది. ఇన్నేళ్ళూ ఈయన అనుమానపు మనిషి అనుకుంది. ఊళ్ళో ఉన్న స్విచ్‌లన్నిటి మీదా ఈయన చల్లిన అనుమానమంతా, మనుషుల దగ్గర ఒక్క చుక్కా ఖర్చు చేయకుండా దాచుకున్నదన్నమాట. అవతల గదిలోంచి భర్త ఫోన్లో మాట్లాడటం వినిపిస్తోంది: "లేదండీ, రేపు రావడం లేదు. ఎల్లుండి కూడా రాదు. ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి... అబ్బే, మా అమ్మ బాగానే ఉంది. దీపానికే ఒంట్లో బాగోలేదు."

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు కొంగుచివర మెలిపెడుతోంది.

"అన్నయ్యగారూ, మీరు ఏమీ అనుకోనంటే ఇంకో చిన్న సంగతి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పెరట్లో కుళాయి కట్టేశాక కూడా నన్ను పేరుపెట్టి పిలుస్తోంది."

బాబాయి టీ కప్పు కింద పెట్టాడు.

"అసలు పేరుతోనా చెల్లెమ్మా, ముద్దుపేరుతోనా?"

"ముద్దుపేరుతో."

"పెద్దగానా, గుసగుసగానా?"

కూతురు పొయ్యి ఆపింది. నుదురు కొట్టుకుంది. ఆ ఇంట్లో ఇక తనకి మంచిరోజులు లేవని పూర్తిగా అర్థమైపోయింది. దాంతో మారు మాట్లాడకుండా, నీళ్ళ మెయిన్ ఎక్కడుందో వెతకడానికి పెరట్లోకి నడిచింది.